మా ఆయన మహాత్యాగం

ఇక పిల్లలు వద్దనుకున్న ఇంట్లో, ఆ వద్దనుకోవడం తాలూకు చాకిరీ అంతా ఆడదాని నెత్తిన పెట్టడం కన్నా గొప్ప ఏర్పాటు ఈ లోకంలో ఇంకోటి లేదు. ఇది నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

కొందరు మీటింగులు పెట్టి, ఈ విషయంలో మగవాళ్లూ ముందుకు రావాలని మైకులో అరుస్తుంటారు. పాపం, వాళ్ల ఇళ్లలో మగవాళ్లు ఎప్పుడూ ముందుకు వచ్చి ఉండరు. మా ఇంట్లో వచ్చారు! ఆ అనుభవంతో చేతులు జోడించి చెబుతున్నాను. వచ్చినవాళ్లని వచ్చిన దారినే వెనక్కి పంపించెయ్యండి.

ముందు నా సంగతి. నేను కళ్లద్దాల షాపులో పని చేస్తాను. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగం. వచ్చినవాళ్ల ముక్కు మీద ఫ్రేము పెట్టి చెవుల వెనక నొక్కుతోందా అని అడగడం, గోడ మీది అక్షరాలు చదివించడం. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది చదువుకోవడానికి బడికి వెళ్తుంది. చిన్నది ఏడవడానికి వెళ్తుంది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఇరవయ్యో అంతస్తులో లిఫ్టు బిగుసుకుపోతే, ఆ చీకటి గోతిలోకి ఒక్క తాడు నమ్ముకుని దిగిపోయే మనిషి. చూసేవాళ్లు రెండడుగులు వెనక్కి వేస్తారు. ఆయన మాత్రం "ఇందులో ఏముంది" అని చేతులు దులుపుకుంటారు. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఒక్కగానొక్క కొడుకు. రెంటినీ జాగ్రత్తగా చూసుకుంటారు.

రెండో కాన్పు కూడా ఆపరేషనే అయింది. ఎలాగూ పొట్ట కోశాం కదా, పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా చేసేద్దామా అని డాక్టరమ్మ అడిగారట. "అట" అని ఎందుకన్నానంటే, అడిగింది నన్ను కాదు. నేను మత్తులో ఉన్నాను. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లని అడిగారు. బెంచీ కాసేపు ఆలోచించి "తర్వాత చూద్దాంలెండి" అంది.

ఆ తర్వాత చూడాల్సింది నేనని మత్తు వదిలాక తెలిసింది.

మొదట మాత్రలు. మాత్ర మొదలుపెట్టిన నెల నుంచీ తలనొప్పి. అది ఎండదెబ్బ అని మా అత్తగారు తేల్చారు. షాపులో లైట్ల వల్ల అని మా ఆయన తేల్చారు. మందుల షాపాయన ఏమీ తేల్చకుండా తలనొప్పికి ఇంకో మాత్ర ఇచ్చాడు. దాంతో కడుపులో మంట పుట్టింది. మంటకి మరో మాత్ర. పిల్లలు పుట్టకుండా వేసుకున్న మాత్ర రెండు మాత్రల్ని కన్నది!

తర్వాత కాపర్-టీ. భోజనం టైములో బస్సెక్కి వెళ్లి వేయించుకుని, మళ్లీ బస్సెక్కి వచ్చి షాపులో నిలబడ్డాను. అది ఉన్నన్నాళ్లూ నెలలో సగం రోజులు కుర్చీ కనిపించినా కూర్చోవడానికి భయం, ఎక్కడ మరక పడుతుందోనని. అలవాటైపోతుందిలే అని అందరూ ధైర్యం చెప్పారు. అలవాటు కాలేదు. తీసేశారు. మళ్లీ మాత్రలే గతి.

మీరొకటి గమనించారా? ఇన్నేళ్లలో మా ఇంట్లో ఒక్క పూట పొయ్యి ఆరలేదు. ఎవరూ పరామర్శకి రాలేదు. ఎవరి నిద్రా చెడలేదు. పిల్లల హోంవర్కు ఆగలేదు. ఇల్లు నున్నటి రోడ్డు మీద బండిలా నడిచింది. ఏర్పాటంటే ఇదీ!

ఇంత చక్కగా సాగిపోతున్న సంసారంలో డాక్టరమ్మ నిప్పులు పోశారు. ఇన్ని తిప్పలు నువ్వెందుకు పడుతున్నావు, మీ ఆయన్ని తీసుకురా, మగవాళ్లకైతే చిన్న గాటు, పది నిమిషాల పని, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు అన్నారు.

నేను భయపడుతూనే ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పాను. ఆయన నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టి, "అంతేనా? చేయించేసుకుంటా. ఇందులో ఏముంది" అన్నారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ రచన అవసరం ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్న ఆయన వాళ్లమ్మకి చెప్పారు. కూరలు తరుగుతున్న ఆవిడ కత్తి కింద పెట్టేసి, నలుగురి కడుపు నింపే మగపిల్లాడి ఒంటి మీద కత్తి పెట్టిస్తావా అని నన్ను అడిగారు. మధ్యాహ్నానికి పై ఊళ్లో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. నాకు రెండు పెద్దాపరేషన్లయినప్పుడు పనుల్లో పడి మర్చిపోయిన పిల్ల, అన్నయ్యకి చిన్న గాటు అనగానే ఫోన్లోనే వెక్కి వెక్కి ఏడ్చింది.

సాయంత్రానికి గ్రీజు బాబాయ్ వచ్చాడు. అతను మా ఆయన పనిచేసే చోట పెద్ద మెకానిక్. అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆ ఆపరేషన్ చేయించుకుంటే మనిషి స్క్రూడ్రైవర్ కూడా ఎత్తలేడనీ, తనకి తెలిసినవాళ్ల బావమరిదికి గొంతు సన్నబడిపోయి ఫోన్లో అందరూ "అమ్మగారూ" అని పిలిచేవారనీ చెప్పి, రెండు టీలు తాగి వెళ్లాడు.

ఆ రోజు నుంచీ మా ఆయన పొద్దున్నే లేచి అద్దం ముందు నిలబడి "హలో, హలో" అనుకునేవారు. ముందు గొంతు ఎలా ఉందో తెలిస్తే తర్వాత పోల్చుకోవచ్చని.

ఆపరేషన్ రోజు ప్రయాణం చూడాలి మీరు! కారు మాట్లాడారు. వెనక సీట్లో దిండు, దుప్పటి, ఫ్లాస్కు, ఆయన, వాళ్లమ్మ. ముందు సీట్లో ధైర్యం చెప్పడానికి గ్రీజు బాబాయ్. నేను సంచీలతో సహా సర్దుకున్నాను. బయల్దేరేముందు ఆయన పిల్లలిద్దర్నీ దగ్గరికి తీసుకుని, అమ్మ మాట వినండి, బాగా చదువుకోండి అని బొంగురు గొంతుతో చెప్పారు. పెద్దది కంగారుపడి, "నాన్నా, ఏ ఊరు వెళ్తున్నావు?" అని అడిగింది.

లోపలికి తీసుకెళ్లారు. ఫ్లాస్కులో టీ కప్పుల్లో పోసి అందరికీ ఇచ్చేలోపే ఆయన బయటికి వచ్చేశారు. తలుపు దాటేదాకా మామూలుగానే నడిచారు. వాళ్లమ్మ కనిపించగానే కాలు తడబడింది.

నర్సు వచ్చి, రెండు రోజులు రెస్టు తీసుకుంటే చాలన్నది. ఇంకో ముక్క కూడా చెప్పింది. ఇది వెంటనే పనిచేయదు, లోపల మిగిలినవి ఖాళీ అవ్వడానికి మూడు నెలలు పడుతుంది, అప్పుడు ల్యాబులో వీర్యం పరీక్ష చేయించుకుని ఏమీ లేవని తేలేదాకా జాగ్రత్తలు తప్పవు అంది. మా ఆయనకి ఇందులో "రెస్టు" అన్న మాట ఒక్కటే వినిపించింది. అది కూడా చాలా గట్టిగా వినిపించి ఉండాలి. రెండు వారాలు మంచం దిగలేదు!

ఆ మంచం హాల్లోకి మార్చాం, చూడవచ్చేవాళ్లకి ఇబ్బంది లేకుండా. వాళ్లూ మమ్మల్ని నిరాశపరచలేదు. మెకానిక్కులు వచ్చారు. వాళ్ల భార్యలు వచ్చారు. ఎప్పుడో లిఫ్టులో ఇరుక్కుంటే ఆయన బయటికి లాగిన ఒక ప్లీడరుగారు కూడా వచ్చారు. యాపిల్ పళ్లు ఎన్ని వచ్చాయంటే, తొక్క తీసీ తీసీ నా బొటనవేలు కాయ కాసింది.

అందరూ నాకు ఒకటే చెప్పారు, ఎంత అదృష్టవంతురాలివమ్మా అని. పైవాటాలో ఉండే ఆవిడ ఇంకో మెట్టు పైకెళ్లి, "ఇది త్యాగం. లక్షల్లో ఒక్కడు" అంది. ఆయన అప్పటిదాకా నిద్రలో ఉన్నారు. "త్యాగం" అన్న మాట వినగానే కళ్లు తెరిచారు. ఆ మాటని మళ్లీ వదిలిపెట్టలేదు. నీళ్లు కావాలన్నా, రిమోటు కావాలన్నా ముందు ఆ మాట వచ్చేది.

అసలు గాటు ఏమాత్రం ఉందో తెలుసా? దోమ కుట్టినా అంతకన్నా పెద్ద దద్దురు వస్తుంది.

సరే, మూడు నెలల జాగ్రత్తల మాట ఎత్తాను. అంత త్యాగం చేసినవాడికి మళ్లీ జాగ్రత్తలు కూడానా అని ఆయన బాధపడ్డారు. నిజమే కదా, ఒకే మనిషి మీద ఎన్నని వేస్తాం? అందుకని ఆపరేషన్ ఆయనకి, మాత్రలు నాకు అని పంచుకున్నాం. సంసారమంటే సమానత్వం!

మూడు నెలలు గడిచాయి. పరీక్షకి వెళ్దామన్నాను. డ్యూటీ ఎక్కువగా ఉందన్నారు. తర్వాత వానన్నారు. తర్వాత ల్యాబులో కూర్చునేది ఆడపిల్ల, ఆ చిన్న డబ్బా ఆ పిల్ల చేతికి ఎలా ఇవ్వను, సిగ్గు కాదా అన్నారు. నాకు సబబుగానే అనిపించింది. ఆడవాళ్లకైతే సిగ్గు సమస్య ఉండదు. మమ్మల్ని ఆ బల్ల మీద పడుకోబెట్టి, కర్టెన్ సగం లాగి, చుట్టూ ట్రైనింగు పిల్లలు నిలబడి చదువు నేర్చుకుంటారు. మేం సీలింగు ఫ్యాను చూస్తూ విద్యాదానం చేస్తాం.

పరీక్ష కాలేదు గానీ మా ఆయన పేరు మాత్రం పాకింది. టీ బ్రేకులో కుర్రమెకానిక్కులు ఆయన చుట్టూ చేరేవారట. ధైర్యం అంటే ఏమిటి, భార్య ఆరోగ్యం ఎందుకు ముఖ్యం అన్న విషయాల మీద ఆయన మాట్లాడేవారట. ఆ ఉపన్యాసం అయ్యేసరికి ఎవరో ఒకరు కళ్లు తుడుచుకునేవారని గ్రీజు బాబాయే మా ఇంటికొచ్చి చెప్పాడు. అతను చెబుతున్నప్పుడు నేను వంటింట్లో ఆ పూట మాత్ర వేసుకుంటున్నాను.

ఒకరోజు షాపులో ఒక పెద్దాయన చేత గోడ మీది అక్షరాలు చదివిస్తున్నాను. ఆయనకి బాగానే కనిపిస్తున్నాయి. నాకే ఒక్కో అక్షరం రెండేసిగా కనబడుతోంది. కళ్లు తిరిగి అద్దాల బీరువా పట్టుకుని నిలబడ్డాను. డాక్టరమ్మ బీపీ చూసి అదిరిపోయారు. ఇన్నాళ్లూ మాత్రలు ఎందుకు మింగుతున్నావని కోప్పడ్డారు. ఇవాళే ఆపెయ్యమన్నారు. ఇలాగే వేసుకుంటూ పోతే ఏ నరమో చిట్లి మంచాన పడతావు, ఇద్దరు చిన్నపిల్లల తల్లివి అన్నారు. మీ ఆయన పరీక్ష అయ్యేదాకా ఆయన్నే కండోమ్ వాడమను అన్నారు.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన చాలాసేపు నా వైపు జాలిగా చూసి, "ఆపరేషన్ చేయించుకున్నవాణ్ణి పట్టుకుని కండోమ్ వాడమంటావా? రెయిన్‌కోటు వేసుకున్నవాడికి గొడుగు ఇచ్చినట్టుంటుంది" అన్నారు.

వాదనలో ఆయనకి తిరుగులేదు. నేను మాత్రలు ఆపాను. ఆయన గొడుగు పట్టలేదు.

ఆ నెల నాకు రావలసింది రాలేదు.

వారం చూశాను. రెండు వారాలు చూశాను. ఇంతలో షాపు ఓనరుగారి ఇంట్లో పుట్టినరోజు కేకు మిగిలితే ఇచ్చారు. పాచిపోయిందని తెలియక తిన్నాను. పొద్దున్నే బాత్రూములో వాంతి చేసుకుంటుంటే మా అత్తగారు విన్నారు. మామూలుగా ఆవిడకి ఒక చెవి సరిగ్గా వినపడదు.

పాఠకులారా, ఇప్పుడు లెక్క చూడండి. కొడుకు ఆపరేషన్ చేయించుకున్నాడు. ఊరంతా యాపిల్ పళ్లు తెచ్చింది. కోడలు వాంతులు చేసుకుంటోంది. మూడు నెలలు, పరీక్ష, నర్సు మాట ఎవరికి గుర్తున్నాయి?

మా అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు. కంచం పెడితే తినేవారు, నా మొహం చూసేవారు కాదు. పైవాటావిడ మెట్ల మీద ఎదురైతే పలకరింపు తగ్గించింది. మా ఆయన అరవలేదు, తిట్టలేదు. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకునేవారు. త్యాగమూర్తి కదా, అనుమానం కూడా హుందాగా పడ్డారు.

నేను పడుకున్న చోటే కళ్లు తెరుచుకుని ఉండేదాన్ని. ఇంకో బిడ్డ అయితే ఈ ఒంటితో మోయగలనా అన్నది ఒక భయం. మోసినా అది ఎవరిదని అడుగుతారేమో అన్నది ఇంకో భయం. మొదటి భయం నాకెప్పటికైనా వస్తుందని తెలుసు. రెండోది ఇలా ఎదురవుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఒకరోజు మా ఆయన నా షాపుకి వచ్చారు! పెళ్లయ్యాక మొదటిసారి. చూపు మందగించింది, కళ్లు పరీక్ష చెయ్యాలన్నారు. కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన గోడ వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నారు. ఓనరుగారిని చూశారు. ఆయనకి డెబ్భై దాటాయి, కళ్లద్దాలు పెట్టుకుని కళ్లద్దాలు వెతుక్కునే మనిషి. ఫ్రేములు సప్లయ్ చేసే అతన్ని చూశారు. అతను వాళ్లావిడతో ఫోన్లో తిట్లు తింటున్నాడు. చివరికి ఎదురుగా అట్టబొమ్మ ఒకటుంది, గాగుల్స్ పెట్టుకుని నవ్వుతున్న కుర్రాడిది. దాన్ని కూడా కాసేపు అనుమానంగా చూశారు.

అక్షరాలు చదవమన్నాను. అన్ని వరుసలూ చదివేశారు. అన్నిటికన్నా కింద ప్రింటింగు ప్రెస్సు పేరు చీమ తలకాయంత ఉంటుంది, అది కూడా చదివారు.

అప్పుడు నేను, పక్కన ఎవరికీ వినపడకుండా, "మీ చూపు బాగానే ఉందండీ. చూడాల్సిన చోట చూడటం లేదు, అంతే. నర్సు చెప్పిన పరీక్ష చేయించుకోండి. తర్వాత నన్నేమైనా అడగండి" అన్నాను.

ఆయన లేచి వెళ్లిపోయారు.

నా ఒంటి కోసం అన్ని నెలలుగా కదలని కాళ్లు, నా నడత తేల్చుకోవడానికి తెల్లారేసరికి ల్యాబుకి పరిగెత్తాయి. ఇంకా తలుపులు కూడా తియ్యలేదట. మెట్ల మీద కూర్చున్నారట. డ్యూటీ, వాన, సిగ్గు, అన్నీ ఏమయ్యాయో తెలీదు. ఆ పిల్ల రాగానే డబ్బా తీసుకుని, పని కానిచ్చి, అందరి ముందూ ఆ పిల్ల చేతికే ఇచ్చారట!

పరీక్షలో తేలింది. ఉన్నాయి. కొద్దిగానే, కానీ బతికి ఉన్నాయి, కదులుతున్నాయి. కొందరికి ఖాళీ అవ్వడానికి ఎక్కువ కాలం పడుతుంది, కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి అని డాక్టరమ్మ చెప్పారు. అంతవరకూ కండోమ్ తప్పదని ఈసారి నాతో చెప్పి పంపకుండా, ఆయన్నే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు.

మా ఆయన ఇంటికి వచ్చిన తీరు చూడాలి! ఛాతీ ముందు, మనిషి వెనక. "అమ్మా, ఉన్నాయే. కదులుతున్నాయట" అన్నారు. మా అత్తగారి మొహం చాటంత అయింది. ఆడపడుచుకి ఫోన్ వెళ్లింది. గ్రీజు బాబాయ్ పరుగున వచ్చి, మా వాడి ముందు ఆపరేషన్ ఓడిపోయిందని గర్వపడ్డాడు. కేకు తెప్పించారు. పిల్లలు ఎవరి పుట్టినరోజు అని అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు.

ఆపరేషన్ ఫలించలేదని పండగ చేసుకున్న ఇల్లు ఈ భూమ్మీద మాదొక్కటే అయి ఉంటుంది.

ఆ హడావిడిలో ఒక చిన్న విషయం ఎవరికీ గుర్తు రాలేదు. నా పరీక్ష కూడా అదే రోజు అయింది. కడుపు లేదు. అన్నాళ్లు మింగిన మాత్రలు ఒక్కసారి ఆపితే ఇలా ఆలస్యం కావచ్చని డాక్టరమ్మ చెప్పారు. ఆ మాట వినగానే ఆసుపత్రి వరండాలో ఒక స్తంభానికి ఆనుకుని కాసేపు నిలబడిపోయాను. ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. నా గురించి కాదు కదా ఆ పండగ.

మర్నాడు పెరటి వరండాలో బట్టలు పిండుతుంటే మా అత్తగారు వచ్చి పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నారు. తడి చీర రెండో కొస తనే పట్టుకున్నారు. ఏమైంది, ఉందా లేదా అని అడిగారు. లేదన్నాను. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలారు. ఆ ఊపిరి కొడుకు కోసం వదిలింది కాదని నాకు అర్థమైంది.

"నీ గురించి అలా అనుకోకూడదమ్మాయ్. అనుకున్నాను" అన్నారు.

నేను చీర పిండుతూనే ఉన్నాను.

ఆవిడే మళ్లీ చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నాలుగు కాన్పులయ్యాయట. ఇద్దరే దక్కారు. ఇంకో కాన్పయితే బతకవని మంత్రసాని చెప్పిందట. మామగారితో అంటే, చూద్దాంలే అన్నారట. ఒకరోజు చుట్టాలింటికని చెప్పి పెద్దాసుపత్రికి ఒక్కతే నడిచి వెళ్లి లూప్ వేయించుకున్నారు. నొప్పితో వంగిపోతూ వచ్చి, నడుం పట్టిందని చెప్పి ఆ పూట వంట చేశారు. మామగారు వంట బాగుందన్నారట.

"ఆయనకి పోయేదాకా తెలీదు. ఇక దేవుడు చల్లగా చూశాడు, పిల్లలు ఆగిపోయారు అని అందరితో చెప్పేవారు. నేనూ ఊ కొట్టేదాన్ని" అన్నారు.

ఇద్దరం నవ్వాం. ఎందుకో ఆగకుండా నవ్వాం. చీర మళ్లీ బకెట్లో పడిపోయింది.

సరే, ఇక డాక్టరమ్మ ఆజ్ఞ. మా ఆయన మందుల షాపుకి బయల్దేరారు. వెళ్లి దగ్గుమందు తెచ్చారు. అదేమిటంటే, అడుగుదామనుకునేలోపు వెనక ఎవరో వచ్చి నిలబడ్డారట. మర్నాడు వెళ్లి టూత్‌పేస్టు తెచ్చారు. ఆ తర్వాత నొప్పుల బామ్, చిన్నపిల్లల పౌడరు, దోమల కాయిల్స్. మా ఇంట్లో ఇప్పుడు ఏ జబ్బుకైనా మందుంది. ఇరవయ్యో అంతస్తులో తాడుకి వేలాడే మనిషి, మందుల షాపు కౌంటరు ముందు ఒక్క మాట అనలేకపోయారు! ఆయన్ని తప్పుపట్టను. లిఫ్టు గోతిలో చీకటిగా ఉంటుంది, అక్కడ ఎవరూ చూడరు. షాపులో ట్యూబ్‌లైట్లు.

ఆ రాత్రులన్నీ నేను పిల్లల దగ్గర పడుకున్నానని వేరే చెప్పనక్కర్లేదు.

శనివారం సాయంత్రం చిన్నదానికి చెవిపోటు వస్తే చుక్కలు కొందామని బయల్దేరాను. బండి మీద ఆయన దింపుతానన్నారు. మా అత్తగారు తనూ వస్తానన్నారు. నాలుగడుగులు వేస్తే మోకాళ్లు పట్టేసే మనిషి, నడిచే వస్తానన్నారు. మేమిద్దరం నెమ్మదిగా నడిచి వెళ్లేసరికి ఆయన ముందే వచ్చి మందుల షాపు బయట బండి ఆపుకుని ఉన్నారు.

లోపల జనం. ఎక్కువమంది ఆడవాళ్లే. మా అత్తగారు మోకాలు పట్టుకుని మెట్లెక్కి, అందర్నీ జరుపుకుంటూ కౌంటరు దాకా వెళ్లారు. ఒక చెవి వినపడదు కాబట్టి, ఆవిడ మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది.

"మా అబ్బాయికి కండోములు కావాలి. వాడికి అడగడానికి సిగ్గు" అన్నారు.

షాపు మొత్తం ఆగిపోయింది. షాపాయన చేతిలో సీసా చేతిలోనే ఉండిపోయింది. పాపం అతను గొంతు తగ్గించి, ఏ కంపెనీవి కావాలని గొణిగాడు. ఆవిడకి వినపడలేదు. గట్టిగా చెప్పమన్నారు. అతను గట్టిగా చెప్పాడు. అవన్నీ నాకేం తెలుసు, గట్టివి చూసి ఇవ్వమన్నారు. అతను నల్ల కవరు తీయబోతే వద్దని, అలాగే చేతికి తీసుకున్నారు.

తర్వాత నా పక్కన ఉన్నావిడ, చంకలో పిల్లాడితో, కొంగుతో నోరు మూసుకుని నవ్వి, "అమ్మా, ఆ చేత్తోనే మాకో పాకెట్ అడగండి" అంది. వెనక నుంచి ఆఫీసు బ్యాగు తగిలించుకున్న ఇంకొకావిడ మాకు కూడా అంది. ఇంకెవరో చెయ్యెత్తారు. మా అత్తగారు క్లాసు లీడరులా అందరి ఆర్డర్లూ తీసుకుని షాపాయనకి వినిపించారు. ఆ షాపులో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. నవ్వీ నవ్వీ నాకు కడుపునొప్పి వచ్చింది. దానికి మందు మా ఇంట్లోనే ఉంది.

అందుకే చెబుతున్నాను, ఈ పనంతా ఆడవాళ్లకి వదిలెయ్యడమే మంచిదని! మగవాళ్ల వంతు వచ్చిన ఒకే ఒక్కసారి కూడా, చూడండి, మోకాళ్లు పట్టేసిన ఒక ముసలావిడ మెట్లెక్కి కొనుక్కొస్తే గానీ ఆ పని కాలేదు. ఇంక వాళ్లకి మనం పనులు చెప్పి ఏం లాభం? మనకే రెండు పనులు.

అత్తగారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. మా వెనకే తక్కినవాళ్లూ ఒక్కొక్కరే పాకెట్లతో దిగారు. బయట రోడ్డు వారన బండ్లు వరుసగా ఆగి ఉన్నాయి, ఇంజన్లు ఆపకుండా. ఒక్కో బండి మీద ఒక్కో మగమనిషి. లోపలి మాటలన్నీ వాళ్లకి వినిపించే ఉంటాయి.

ఒక్కరంటే ఒక్కరు హెల్మెట్ తీయలేదు.